వాలుబండ మీద బంతి

“రాయి ఎగురదంటరు తమ్మీ. ఎగురదని ఎవడన్నడు? నేను కండ్లార చూసిన. మీదికెల్లి జారిన రాయి వాలుబండకు తాకి, కోడిపిల్ల మీదికి గద్ద వచ్చినట్టు అడ్డం వచ్చింది. నువ్వు ముందు ఆ సైకిల్ గోడకు పెట్టి కూసో. నువ్వు నిలబడి వింటే నాకు ఇంకింత గాబరైతది.”

నేను సైకిల్ గోడకు ఆనించి కూర్చున్నాను.

అంతమ్మక్క గుడిసె మొయినాబాద్ ఊరి బయట, చేవెళ్లకు పోయే బాట పక్కన ఉండేది. బావులు తవ్వే ఒడ్డెర వాళ్ల గుడిసెలన్నీ అక్కడే. అది 1946 ఎండాకాలం. ఆమె పాదానికి నారికురుపు లేచి, కాలు కింద పెట్టలేక మంచం పట్టి ఉంది. మడమ చుట్టూ వేపాకు నూరి కట్టిన గుడ్డ, దాని మీద ఈగలు. నేను పంక్చర్లు వేస్తూ ఊళ్లు తిరిగేవాణ్ని. చేవెళ్ల నుంచి వచ్చినప్పుడల్లా ఆమె గడప ముందు ఆగి, అక్కడ బావి పనిలో ఉన్న ఆమె కొడుకు పాండు సంగతి చెప్పి పోవడం నాకు అలవాటు.

ఆ రోజు కూడా మంచి కబురే తెచ్చాననుకున్నాను. “పాండు బాగున్నడక్కా. బాయి మంచిగ దిగుతున్నది. నడుమ ఒక వాలుబండ తగిలితే దాన్ని అట్లనే ఉంచిన్రు. ఈశాన్యం దిక్కు గూడు తొలిచి పసుపు రాసిన్రు” అన్నాను.

“వాలుబండ ఏ దిక్కున్నది?”

“నైరుతి దిక్కు. గిరక కిందనే.”

ఆమె చేయి మంచం నులకను గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత ఆమె అన్న మాటలే నేను మొదట రాసినవి.

గూడు అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. బావి లోతుకు దిగాక, అడుగున పనిచేసేవాళ్ల కోసం గోడలో మనిషి ఒదిగి కూర్చునేంత గుంత తొలుస్తారు. పైనుంచి ఏదైనా జారితే పైనున్నవాళ్లు “రాయి!” అని అరుస్తారు. కిందివాళ్లు తల ఎత్తి చూడకుండా ఒక్క ఉరుకున ఆ గూట్లో దూరతారు. దాన్ని ఈశాన్యం దిక్కునే తొలుస్తారు. గంగమ్మ పేరున పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఆ తర్వాతే కింద గడ్డపార వేస్తారు. రాళ్ల గంపను పైకి లాగే గిరక దానికి సరిగ్గా ఎదురుగా, నైరుతిలో ఉంటుంది.

“పెద్దలు ఊరికెనే పెట్టలేదు తమ్మీ ఆ పద్ధతి” అంది అంతమ్మక్క. “గోడ నిటారుగ ఉంటే, గంపలకెల్లి జారిన రాయి గిరక కిందనే పడుతది. ఎదురుంగ కూసున్నోడు బతుకుతడు. అది నిజమే. కని గోడ నడుమల వాలుబండ ఉంటే? అప్పుడు రాయి యాడికి పోతది? ఆ సంగతి ఎవరు చెప్పలే. నాకు ఒక బంతి చెప్పింది.”

*

అప్పటికి పదేళ్ల కిందటి మాట. బాల్‌రాజ్ పటేల్ అనే ఆసామి చెలకలో బావి తవ్వుతున్నారు. అంతమ్మక్క మామ హన్మంతు ఆ పనికి పెద్ద. అడుగున బండ పగలగొట్టేది ఆమె భర్త. ఆయన పేరు ఎల్లేశ్ అని నేను గుడిసెల్లోని మగవాళ్ల దగ్గర విన్నానే తప్ప ఆమె నోట ఎన్నడూ వినలేదు. ఆ ఇళ్లలో ఆడవాళ్లు మగని పేరు పలకరు. ఆమెకు ఆయన ఎప్పుడూ “మా పాండుగాని నాయిన”.

మట్టి, మొరం దాటి బండ తగిలింది. నైరుతి మూలన ఆ బండ గోడలో నుంచి నాలుకలాగా ముందుకు వచ్చి, బావి నడిమికి వాలి ఉంది. దాన్ని కొట్టేద్దామంటే పైనున్న మొరం అంతా దాని మీదే ఆని ఉంది. కదిలిస్తే గోడే కూలుతుంది. అందుకని హన్మంతు దాన్ని అట్లాగే ఉంచి, దాని కింద నుంచి లోతుకు దింపాడు. గంప ఆ బండ అంచును రాసుకుంటూ దిగేది, లేచేది. గూడు మాత్రం ఎప్పటిలాగే ఈశాన్యంలో తొలిపించాడు.

“ఒకనాడు పగటిపూట అందరం సద్ది తింటున్నం. బాయిల ఎవ్వరు లేరు. పటేలు బిడ్డ విమల వచ్చింది, చిన్న పోరి. దాని మేనమామ పట్నం నుంచి ఎర్ర రబ్బరు బంతి తెచ్చిండట, మాకు చూపిద్దామని తెచ్చింది. గిరక దగ్గర నిలబడి ఆడుకుంటుంటే చేతులకెల్లి జారింది. టప్పుమని వాలుబండకు తాకింది. తాకి, మీదికి లేవలే తమ్మీ, అడ్డం లేచింది. బాయి నడిమికెల్లి దాటి పోయి గూట్ల పడ్డది. పడి, రెండు సార్లు తన్లాడి, పసుపు మీద కూసున్నది.”

అందరూ పగలబడి నవ్వారట. “బంతికి గూడ ఎరుకైంది రా, యాడ దాక్కోవాలెనో!” అని హన్మంతు అన్నాడట. అంతమ్మక్క కూడా నవ్వింది. నవ్వుతూనే గూట్లోకి చూసింది. ఎర్రగా, గుండ్రంగా, అచ్చంగా మనిషి తల ఉండే చోట ఉంది బంతి.

“నోట్ల ముద్ద నోట్లనే ఉన్నది. మింగుదామంటే దిగలే.”

ఎల్లేశ్ దిగి బంతి తెచ్చి ఇచ్చాడు. మళ్లీ ఒకసారి విడువమ్మా అని అంతమ్మక్క విమలను బతిమాలింది. మళ్లీ ఒకసారి. ఆ పిల్లకు అది ఆటయింది. బంతి ప్రతిసారీ గూట్లోనే పడలేదు. ఒకసారి గూటి పక్కన గోడకు కొట్టుకుంది, ఒకసారి గూటి కింద. కానీ ఎన్నిసార్లు విడిచినా ఆ గోడకే పోయింది. వాలుబండ కింద ఒక్కసారి కూడా పడలేదు.

ఆ పూట భర్తను పక్కకు పిలిచి చెప్పింది. ఆ మాటలను ఆమె నాకు ఇద్దరి గొంతులతోనూ చెప్పింది.

“అది రబ్బరుది. ఎగురుతది. రాయి ఎగురుతదానే పిచ్చిదానా?”

“నువ్వు సమ్మెటతో కొడితే పెచ్చు లేచి నీ మొకం మీదికి రాదా?”

“అది నేను కొడితే.”

“నువ్వు కొడితేంది, గంత మీదికెల్లి పడితేంది? ఎవరో ఒకరు కొట్టినట్టేనాయె.”

“నాయినకు నువ్వే చెప్పుకో. గంగమ్మ జాగ మార్చుమని నేను చెప్పలేను” అన్నాడట ఎల్లేశ్.

ఆమె చెప్పింది, కొంగు నెత్తి మీదికి లాక్కుని, మామ మొహం చూడకుండా. రాయి వేసి చూద్దామంది. అక్కడే అడ్డం వచ్చింది. తవ్వుతున్న బావిలో తవ్వేవాళ్ల చేత్తో రాయి వేయడం ఆ పనివాళ్లలో లేదు. వేస్తే ఆ బావిని తామే పూడ్చుకున్నట్టు లెక్క, నీళ్లు పడవు. హన్మంతు చెడ్డవాడు కాదు. కోడలు బెదిరిందని అర్థమై ఆయనే ఒక ఉపాయం చెప్పాడు: “రాయి వద్దు. మట్టిపెళ్ల ఏసి చూద్దాం. నీ రంది పోతది.”

అందరూ బావి చుట్టూ నిలబడ్డారు. గిరక కింద నుంచి తడి మట్టిపెళ్లను విడిచారు. అది వాలుబండ మీద పడి, పచ్చక్‌మని అతుక్కుంది. ఎగరలేదు, దుమకలేదు. కాసేపటికి ఒక ముక్క మెల్లగా జారి, బండ కిందనే పడింది.

“ఇగో చూసినవా, పడి సచ్చింది!” అన్నాడు హన్మంతు. పక్కనున్న ఆడవాళ్లు ఊరుకుంటారా? “ఓ అంతమ్మా, నీ మగని మీద గొడుగు పట్టరాదే!” అని ఒకతె. “గొడుగేంది, గంప కింద కప్పి పెట్టుకొమ్మను!” అని ఇంకొకతె. ఎల్లేశ్ కూడా నవ్వాడట.

“నా కండ్లతో నేనే చూసినాయె. ఇగ ఏమనాలె? నాదే తప్పని అనుకున్న. కని భయం పోలే తమ్మీ. బుద్ధికి ఎరుకైంది గని కడుపుకు ఎరుక కాలే.”

*

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిపిందో కూడా ఆమె చెప్పింది. ఆమె పని బావి ఒడ్డున. పైకి వచ్చిన గంపలోని రాళ్లను నెత్తికి ఎత్తుకుని దూరంగా పోసి రావాలి. గిరక కిర్రుమంటే గంప లేస్తున్నదని అర్థం. ఆ కిర్రు మొదలైతే ఆమె నాలుక పిడచకట్టేది. రాళ్లు పోసి వచ్చేటప్పుడు నడక ఆపి వినేది. కింద సమ్మెట చప్పుడు వినిపిస్తే ఆయన బతికి ఉన్నట్టు. చప్పుడు ఆగితే గుండె ఆగినట్టు. నీళ్లు తాగడానికి ఆయన పని ఆపినా సరే, ఆమె ఒడ్డుకు పరుగెత్తుకొచ్చి తొంగి చూసేది. “నీ పెండ్లాం నన్ను పని చేయనిస్తలేదు రా” అని హన్మంతు కొడుకుతో నవ్వులాటగా అనేవాడట. ఇంట్లో భర్త పడుకున్నప్పుడు తల వైపు చూడలేకపోయేది. ఆ తల మీద ఎర్ర బంతి కనిపించేది.

ఇంకో పక్క పటేలు తొందర. వానలు పడేలోపల నీళ్లు చూడాలని రోజూ వచ్చి తొంగి చూసి పోయేవాడు. గంపలు నిండుగా లేచేవి.

ఒకనాడు పొద్దు ఎక్కుతుండగా గంప సగం దాటి పైకి వచ్చింది. గంపకు కట్టిన తాళ్లలో ఒకటి పుటుక్కున తెగింది. గంప ఒక పక్కకు ఒరిగి, మిగిలిన తాళ్ల మీద వేలాడింది. అందులో మీదున్న పెద్ద రాయి కదిలింది. వెంటనే పడలేదు. అంచు దాకా జరిగి, పడుదునా వద్దా అన్నట్టు ఆగింది.

“రాయి!” అని హన్మంతు అరిచాడు. “గూట్లకు! గూట్లకు!”

గంప నింపి వాలుబండ కిందనే నిలబడి ఉన్నాడు ఎల్లేశ్. తల ఎత్తకుండా, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు, గూటి వైపు అడుగు వేశాడు.

“ఆ కాళ్లు గూటి దిక్కు తిరుగుడు చూసిన తమ్మీ. ‘పోకు’ అనాలె. ఆ మాట రాలే. ‘ఓ పాండుగాని నాయినా’ అనాలె. అంత మాటకు సందేది? నోట్లకెల్లి ఏమొచ్చిందో నేను విన్నంకనే నాకు ఎరుకైంది. ‘ఎల్లేశా!’ అని ఒర్రిన.”

ఆ పేరును ఆమె నా ముందు కూడా అదే తీరుగా అన్నది. అని, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎల్లేశ్ ఆగిపోయాడు. పెళ్లాం నోట తన పేరు ఎన్నడూ విననివాడు, విని కొయ్యలాగా నిలబడ్డాడు. నేర్చుకున్నది మరిచి తల ఎత్తి పైకి చూశాడు. అదే సమయానికి రాయి జారింది. వాలుబండకు కొట్టుకున్న చప్పుడుకు చెలకలో కట్టేసిన ఎడ్లు బెదిరాయట. రాయి బంతి అంత ఎగరలేదు. జానెడో మూరెడో లేచిందేమో. కానీ అడ్డం తిరిగింది. అతని నెత్తి మీది నుంచి దాటి పోయి గూట్లో పడింది. పసుపు రాసిన చోట పడి రెండు ముక్కలయింది. ఒక పెచ్చు తిరిగొచ్చి అతని కనుబొమ్మ చీల్చింది.

కింద నుంచి ఎల్లేశ్ గొంతే మొదట వచ్చింది. “ఎవరు, నన్ను పిలిచింది?”

“ఆ మాటకు ఏడవాల్నో నవ్వాల్నో తెల్వలే. ఆడనే కూలవడ్డ” అంది అంతమ్మక్క.

గుడిసెల్లో చాలా రోజులు చెప్పుకున్నది రాయి సంగతి కాదట. మగని పేరు పెట్టి పిలిచిన సంగతి. “ఎల్లేశా అన్నదట, ఊరంత ఇననీకి!” అని ఆడవాళ్లు మూతులు తిప్పారు. మర్నాడు హన్మంతు తానే బావిలోకి దిగాడు. పాత గూట్లోని పసుపు కడిగాడు. వాలుబండ కింద, దాని నీడలోనే కొత్త గూడు తొలిచాడు. పైకి వచ్చి, “గంగమ్మ జాగ మార్చుకున్నది” అని ఒక్క మాట అన్నాడు. పటేలు బిడ్డ ఆ బంతిని తెచ్చి అంతమ్మక్క ఒళ్లో పెట్టి పోయింది.

ఎల్లేశ్ రాయికి దొరకలేదు. కొన్నేళ్ల తర్వాత చలిజ్వరానికి దొరికాడు. హన్మంతు కూడా పోయాడు. చేవెళ్ల బావి పనికి పెద్దగా ఉన్నవాళ్లు వేరే గుడిసెలవాళ్లు. వాళ్లకు పాత పద్ధతే తెలుసు.

*

“ఆ ఉట్టి మీది చిన్న కుండల ఉంటది, తీయి” అంది.

తీశాను. ఎరుపు పోయి గోధుమ రంగుకు తిరిగిన బంతి. ఒళ్లంతా సన్నటి పగుళ్లు. వాకిట్లో బట్టలు ఉతికే బండ ఒకటి ఏటవాలుగా ఉంది. దాని మీదికి విడవమంది. విడిచాను. బంతి దబ్బుమని పడి, బండ మీద నుంచి దొర్లి, కిందనే ఆగింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రబ్బరు ముసలిదైపోయింది. దీన్ని తీసుకుపోయి చేవెళ్ల బావిలో విడిస్తే మట్టిపెళ్ల చెప్పిన అబద్ధమే ఇదీ చెబుతుంది. అందరూ నవ్వి, పాండును గూట్లో కూర్చోబెడతారు.

“అయ్యో” అంది ఆమె, చాలా చిన్నగా. “దీన్ని నమ్ముకొని ఇన్నేండ్లు దాసి పెట్టుకున్ననే.”

నాకు బడి చదువు లేదు. పాత పుస్తకాలు ఎక్కడ దొరికితే అక్కడ చదువుకున్నదీ, చేతితో చేసి చూసి తెలుసుకున్నదీ అంతే. అయినా ఆ వాకిట్లో నాకు ఒకటి అర్థమయింది. పడే వస్తువు కిందికి పోయేకొద్దీ ఊపు కూడగట్టుకుంటుంది. చదునైన నేల తగిలితే ఆ ఊపును నేల వెనక్కి తిప్పుతుంది, వాలు తగిలితే పక్కకు తిప్పుతుంది. తగిలిన ప్రతిసారీ దాని శక్తిలో కొంత చప్పుడుగా, వేడిగా పోతుంది. అందుకే ఏ బంతీ విడిచినంత ఎత్తుకు తిరిగి రాదు. మట్టిపెళ్ల తన శక్తినంతా తాను చితికిపోవడానికే ఖర్చు పెట్టుకుంటుంది, అందుకే పడ్డచోటే ఉండిపోతుంది. రాయి రబ్బరంత తిరిగి ఇవ్వదు, మట్టిలాగా అంతా మింగనూ మింగదు. మిగుల్చుకునేది కొంచెమే. కానీ అంత బరువున్నదానికి ఆ కొంచెం చాలు, ఒక మనిషి తలకు.

నా సంచిలో పనికిరాని ట్యూబు ముక్కలు ఉన్నాయి. యుద్ధం రోజుల్లో కొత్త ట్యూబు దొరకక, పాతవాటిని పారేసే అలవాటే పోయింది. వాటిని సన్నటి పట్టీలుగా కోసి, సాగదీసి సాగదీసి ఒకదాని మీద ఒకటి చుట్టాను. చుట్టేంతసేపూ ఆమె నా వేళ్ల నుంచి చూపు తీయలేదు. నిమ్మకాయంత నల్ల బంతి తయారయింది. ఉతికే బండ మీద విడిచాను. అది పక్కకు లేచి, వాకిలి దాటి పోయి అవతలి కంచెలో పడింది.

అంతమ్మక్క కళ్లు మూసుకుంది. ఊరట అనుకున్నాను. కాదు, బంతి పోయిన దిక్కున ఆమెకు పాండు తల కనిపించి ఉంటుంది. కంచెలో నుంచి బంతి తెచ్చి ఆమె చేతిలో పెడితే, దాన్ని ఒకసారి నొక్కి చూసి, నా చేతిలోనే పెట్టింది.

“ఇయ్యాల అమాస, పని పెట్టరు. రేపు పొద్దుగాల దిగుతరు. నువ్వు ఇప్పుడే మర్లి చేవెళ్ల పో తమ్మీ. అలిసినవని ఎరుకే, జర పో. నా కాలు మంచిగుంటే నిన్ను అడుగకపోదును. అందరు చూస్తుండంగ గిరక కిందికెల్లి బంతి ఇడువు. ముందుగాల కథ చెప్పకు, నవ్వుతరు. బంతి పొయ్యే దిక్కు చూసినంక చెప్పు. ఎవడన్న మట్టిపెళ్ల తెస్తే చెయ్యి పట్టుకో, ఏయనియ్యకు. గూడు వాలుబండ కిందనే తొలవమను.”

నేను సైకిల్ తీశాను. ఆమె మంచం మీద సగం లేచి, గుంజ పట్టుకుంది.

“వాళ్లు ఇనకుంటే పాండుగాన్ని పక్కకు పిలువు. ‘మీ అవ్వ నీకు ఎల్లేశ్ పేరు చెప్పి పంపింది’ అను. రాయి ఏ దిక్కు పోయిందో వానికి తెల్వది గని, నా నోటికెల్లి ఆ పేరు ప్రాణం మీదికొచ్చినప్పుడే వచ్చిందని ఎరుక. వాడు దిగడు. పో తమ్మీ, పొద్దు ఉండంగనే పో.”